కాస్టిక్ సోడా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కాస్టిక్ సోడా గారికి,

నిన్నటి రివ్యూలో ఏం జరిగిందో తమకు తెలిసే ఉంటుంది, చేసింది తమరే కాబట్టి. కమిటీలో ఒక పెద్దాయన నేను పోతపోసిన కాంక్రీటు క్యూబును చేతిలోకి తీసుకుని, వేలితో రాసి చూసి, ఆ వేలిని ప్యాంటుకు తుడుచుకుంటూ "సున్నం కొట్టావా బాబూ?" అన్నారు. మొదటి స్లైడులోనే 'సిమెంటు లేని కాంక్రీటు' అని గొప్పగా రాసుకున్నవాణ్ణి, ఏమని చెప్పను?

తమ మర్యాదకు మేమేం లోటు చేశాం? మట్టిని 750 డిగ్రీల దగ్గర కాల్చి, అందులోని కెయోలినైట్ అనే ఖనిజం పొరల్లోని నీటిని తరిమేసి, వాటి వరస చెడగొట్టి, మెటాకెయోలిన్‌ను చేసి ముందు పెట్టాం. అందులోని సిలికాన్‌నీ అల్యూమినియాన్నీ తమరు కరిగించి బయటికి లాగాలి. అవి మళ్లీ అల్లుకునేటప్పుడు నాలుగు ఆక్సిజన్ల మధ్య కూర్చున్న ప్రతి అల్యూమినియం దగ్గరా, దాని ఋణావేశం తీర్చడానికి తమరు తెచ్చే ఒక సోడియం అయాను ఉండాలి. ఒకదానికి ఒకటి. విస్తళ్లు లెక్కపెట్టే పిలిచాం.

గొడవంతా మిగిలిపోయినవాళ్లతోనే. మేం కాల్చే బాల్ క్లే అనే మట్టిలో ఇసుకుంటుంది, మైకా (అభ్రకం) ఉంటుంది. ఏ మూలకం ఎంతుందో చెప్పే ఎక్స్ఆర్ఎఫ్ రిపోర్టు అల్యూమినియం మొత్తాన్ని కలిపి చూపిస్తుంది కానీ, మైకాలోది తమరెంత బతిమాలినా పెద్దగా కదలదు. దాని వాటాకొచ్చిన సోడియం ఖాళీ. ఖాళీగా ఉంటే ఊరుకోవచ్చుగా? చెమ్మతో పాటు సందుల్లోంచి పైకి పాకి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని, సోడియం కార్బొనేట్‌గా మారి క్యూబు నిండా తెల్లగా పూసింది. ఒకప్పుడు ఊళ్లలో బట్టలుతకడానికి తెచ్చుకునే చౌడులో ఉండేదీ ఇదే. పీహెచ్‌డీలో చేరి చౌడు తయారుచేశానన్నమాట. తుడిచాను, తడి తగలగానే మళ్లీ వచ్చింది. గరుకు కాగితం పెట్టి రుద్దాను, మళ్లీ వచ్చింది. సిగ్గుందా నీకు?

పోనీ నిన్ను తగ్గిద్దామంటే మెటాకెయోలిన్ కరక్కుండా మిగిలిపోతుంది. ఒంటరిగా వదిలితే జియోలైట్ అనే ఖనిజం స్ఫటికాలు పెంచుకుంటూ కూర్చుంటావు, లోపలంతా గుల్ల. అందుకే వాటర్ గ్లాసును, అంటే సోడియం సిలికేట్ ద్రావణాన్ని, తోడిచ్చి పంపేది. ఆయన తెచ్చే సిలికాతోనే అన్నిటినీ పట్టి ఉంచే జెల్ చిక్కబడుతుంది. సిలికాన్, అల్యూమినియం నిష్పత్తి 1.9 దగ్గర బలం బాగా పెరుగుతుంది, అది దాటితే మళ్లీ జారుతుంది. ఆయన మీద ఫిర్యాదులు వేరే ఉన్నాయి. సీసా మూత ఊడి రాగానే రాస్తాను.

ఇక మన కాంక్రీటుకు తగిలించే 'గ్రీన్' అన్న బిరుదు. ఉప్పునీటిలోంచి నిన్ను తీయడానికి అయ్యే కరెంటు మాట ఎవడూ ఎత్తడేం? గ్లౌజులకు పెట్టిన చిల్లుల సంగతి సరేసరి.

మీ అన్నగారు పొటాషియం హైడ్రాక్సైడ్ ఇంతలా బయటపడరని విని కొటేషన్ తెప్పించాను. అది చూశాకే మళ్లీ నీకు రాస్తున్నాను. సోమవారం కొత్త బ్యాచ్. ఈసారి కరిగే అల్యూమినియానికే లెక్క కడతాను, ఒక్క గ్రాము ఎక్కువ పడదు. ముందురోజే నీళ్లలో వేస్తాను, నీ కుతకుతలన్నీ అక్కడే చల్లార్చుకుని రా.

ఇట్లు,
ఫెలోషిప్ ఇంకా అందని ఒక రీసెర్చ్ స్కాలర్