బీరువాలో కాపురముంటున్న తీర్మానాల పుస్తకం గారికి

అయ్యా తీర్మానాల పుస్తకం గారూ,

మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో, హెడ్మాస్టారి గది బీరువా పై అరలో, చాక్‌పీసుల డబ్బాకీ పాత గ్లోబుకీ మధ్య మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేనెవరో మీకు తెలుసు. ఇరవై మూడో పేజీలో నా సంతకం ఉంది. అది నేను పెట్టింది కాదు గానీ నేను పెట్టేదానికంటే గుండ్రంగా ఉంది, అందుకే చూసిన రోజు ఏమీ అనలేకపోయాను.

ఆ పేజీ ప్రకారం నేను మధ్యాహ్నం 3 గంటలకు బడి ఆవరణలో జరిగిన బడి కమిటీ సమావేశానికి హాజరై, మంచినీటి వసతి, పరిసరాల పరిశుభ్రత, బడి మానిన పిల్లలను తిరిగి చేర్పించుట అను అంశాలపై కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించితిని. ఆ 3 గంటలకి నేను మిరప చేలో ఉన్నానండీ. పదిహేను మంది సభ్యుల్లో ఎనిమిది మందిమి ఆ రోజు అదే చేలో కాయ కోస్తున్నాం. సగానికి పైగా కమిటీ అక్కడే ఉంది, ఎవరైనా మిమ్మల్ని చంకన పెట్టుకుని గట్టు మీదకి వచ్చి ఉంటే మీటింగు నిజంగానే జరిగిపోయేది.

చట్టం మీకు నేను చెప్పాలా. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలంది, మొత్తం మీద సగం మంది ఆడవాళ్లు ఉండాలంది. 22వ సెక్షనైతే బడి అభివృద్ధి ప్రణాళిక మేమే తయారు చెయ్యాలంది. ఢిల్లీలో కూర్చున్నవాళ్లకి మా మీద అంత నమ్మకం ఉంది, సంతోషం. కూలికి పోయే ఆడమనిషి మధ్యాహ్నం 3 గంటలకి ఎక్కడుంటుందో మాత్రం ఊళ్లోనే ఉన్న మీకు తట్టలేదు.

మీ జాతకం గట్టిదండీ. 1998లో చట్టం చేసి విద్యా కమిటీలన్నారు. విద్యాహక్కు వచ్చాక స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ అన్నారు. నాడు-నేడు రోజుల్లో తల్లిదండ్రుల కమిటీ అన్నారు, 2024లో మళ్లీ మేనేజ్‌మెంట్ కమిటీ అన్నారు. అదే ఏడాది తెలంగాణలో మా పిన్ని కూతురు వాళ్ల ఊళ్లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ అన్నారు. పేరు మారినప్పుడల్లా బోర్డు రాసే ఆయనకి పని దొరికింది. మీలో మొదటి లైను మాత్రం ఎవరూ కదపలేదు: "ఈ దినము అనగా..."

ఒక్కసారి మాత్రం మీరు బీరువా దిగారు, కాదనను. 2019లో మొదలుపెట్టిన నాడు-నేడు మొదటి విడతలో 15,715 బళ్లు బాగు చేస్తామని పనులు కమిటీలకే అప్పజెప్పారు కదా, అప్పుడు కొన్నాళ్లు ఇసుక కుప్ప పక్కన కుర్చీలో కూర్చుని మీరూ సిమెంటు దుమ్ము పీల్చారు. కమిటీలో ఉన్న తాపీమేస్త్రీ బాబాయి టైల్స్‌ని కర్రతో తట్టుకుంటూ వెళ్లి, గుల్ల శబ్దం వచ్చిన వరసంతా పీకించి మళ్లీ వేయించాడు. ఆయనకి చదువు రాదు, వేలిముద్ర మనిషి. ఆ టైల్స్ ఇప్పటికీ కదల్లేదు. దాని గురించి మీరు రాసుకున్నదేంటో చూశాను: "పనులు సంతృప్తికరముగా జరుగుచున్నవి." పక్కన ఆయన వేలిముద్ర, ఇంకు అలికిపోయి.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు తల్లిదండ్రులకీ టీచర్లకీ మెగా మీటింగు అన్నప్పుడు నేనూ కూలి మానుకుని వచ్చాను. మంచిదే, మావాడి ప్రోగ్రెస్ కార్డు టీచర్ గారు పక్కన కూర్చుని వివరంగా చెప్పారు, వాడు తీసివేతల్లో ఎక్కడ తడబడుతున్నాడో అప్పుడే తెలిసింది. ముగ్గుల పోటీలో నాకు స్టీలు గిన్నె కూడా వచ్చింది. మరుగుదొడ్లో నీళ్లు ఎందుకు రావట్లేదని అడుగుదామని వెళ్లి, గిన్నెతో ఇంటికొచ్చాను. తప్పు నాదే.

ఆ నీళ్ల సంగతి మీకు తెలియదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

కిందటేడు కొత్తగా వచ్చిన టీచర్ గారు ఒకరోజు రాత్రి ఏడున్నరకి మా వీధికి వచ్చి, మా అరుగు మీద కూర్చుని, "ఆడపిల్లలు నీళ్ల సీసాలు తెచ్చినవి తెచ్చినట్టు తీసుకెళ్తున్నారు, ఎందుకమ్మా?" అనడిగారు. మా చిన్నది దాచుకోకుండా చెప్పేసింది, తాగితే బాత్రూంకి వెళ్లాలి, అక్కడ నీళ్లుండవు అని. ఆమధ్య దాకా ఆ మరుగుదొడ్ల ఫోటోలు యాప్‌లోకి ఎక్కించేవారు. ఫోటోలో తెల్లగానే కనపడతాయి, కుళాయి తిప్పితే ఏమవుతుందో ఫోటోకేం తెలుసు.

పది నిమిషాల్లో అరుగు నిండిపోయింది. అప్పుడు బయటపడిందేంటంటే, ట్యాంకు బాగానే ఉంది, పైపూ బాగానే ఉంది, పంచాయతీ నీళ్లు తెల్లవారి ఆరింటికి వదులుతారు, బడి గేటు ఎనిమిదిన్నరకి తీస్తారు. అంతే. లోపల వాల్వు తిప్పే మనిషి లేక ఏడాదిగా పిల్లలు ఎండిన నోళ్లతో కూర్చున్నారు. తాళం ఎదురింటి ముసలమ్మకి ఇద్దామన్నాం. ఫోన్లో హెడ్మాస్టారు "మోటారు పోతే నా జీతంలో కోస్తారమ్మా" అన్నారు, పాపం అదీ నిజమే. ఒకాయన పంచాయతీని తిట్టాడు, పంచాయతీ మెంబరు మగ్గులు ఎత్తుకుపోయిన వాళ్లని తిట్టాడు, ఎవరివో పాత గట్టు తగాదాలు కూడా మధ్యలోకి వచ్చాయి. గంటన్నర పట్టింది. చివరికి రెండు తాళాలు వేసి, ఒకటి ముసలమ్మకీ ఒకటి ఆ మెంబరుకీ ఇచ్చాం, ఇద్దరూ కలిస్తేగానీ గేటు తెరుచుకోదు. ఖర్చు ఒక తాళంకప్ప. ఇప్పుడు ట్యాంకు నిండుతోంది.

ఆ రాత్రి గురించి మీలో ఒక్క అక్షరం లేదు. ఆ నెల పేజీలో మళ్లీ 3 గంటలకే సమావేశం, మళ్లీ ఏకగ్రీవం, ఆ పూట హైదరాబాదులో సెంట్రింగు పనిలో ఉన్న మా మరిది హాజరు కూడా వేశారు. బస్సు ఛార్జీ మిగిలింది.

హెడ్మాస్టారిని దీనికి తిట్టబోను. పై వాళ్లకి పేజీ కావాలి, ఆయన పేజీ పంపుతున్నారు. మీరే కొంచెం సిగ్గుపడండి.

వచ్చే గురువారం రాత్రి ఎనిమిదింటికి రామాలయం అరుగు మీద కూర్చుంటున్నాం. టీచర్ గారు మిమ్మల్ని తెస్తానన్నారు, హెడ్మాస్టారు కూడా ఒప్పుకున్నారు. స్టాంపు ప్యాడ్ ఎండిపోయిందట, నీళ్లు చల్లి తెమ్మన్నాను. గుడ్డు చిన్నదిస్తున్నారని ఇద్దరు తల్లులూ, బిల్లు ఆగితే నేను ఎక్కణ్ణుంచి తేను అని వంట ఆయమ్మా ముందే సిద్ధంగా ఉన్నారు, వాళ్లు మా వీధి వాళ్లే, గొంతులు నాకు తెలుసు. ఎవరేమన్నారో పేర్లతో రాయాలి, ఒప్పుకోని వాళ్ల పేర్లు కూడా. "ఏకగ్రీవంగా" అని ముందే రాసి తీసుకురాకండి.

ఇట్లు,
ఇరవై మూడో పేజీలో నాలుగో సంతకం
(ఈసారి వంకరగా ఉంటుంది, గుర్తుపట్టండి)