తెర దించారంటే చర్చ అయిపోయినట్టే

సభలో పవర్‌పాయింట్ వద్దు. అసెంబ్లీలో వద్దు, జడ్పీ సర్వసభ్య సమావేశంలో వద్దు, తిరుపతి కౌన్సిల్ హాల్లో అసలే వద్దు. కలెక్టర్ దగ్గర జరిగే సమీక్షల్లో అధికారులు ఎన్ని స్లైడ్లయినా వేసుకోనివ్వండి, అది వాళ్ల పని. కానీ ఒక తీర్మానం మీద అటూ ఇటూ మాట్లాడి, సవరణలు పెట్టి, చివరికి చేతులెత్తి తేల్చాల్సిన చోట లైట్లు ఆర్పేసి బొమ్మలు చూపిస్తే దాన్ని చర్చ అని ఎలా అంటామో ఎవరైనా చెప్పండి.

తెలంగాణ గొడవ అందరికీ తెలిసిందే. 2016 మార్చి 31న కేసీఆర్ సాగునీటి ప్రాజెక్టుల మీద సభలో గంటల తరబడి ప్రజెంటేషన్ ఇచ్చారు, కాంగ్రెస్ బహిష్కరించింది. అదే కాంగ్రెస్ అధికారంలోకి వచ్చాక 2024 ఫిబ్రవరిలో ఉత్తమ్ కుమార్ రెడ్డి అదే సభలో, అదే సాగునీటి మీద, అదే పని చేశారు. 2025లో కాళేశ్వరం కమిషన్ నివేదిక చర్చకు వచ్చేసరికి, మాకూ పీపీటీకి అనుమతి ఇవ్వండి అని స్పీకర్‌ను అడుక్కోవడం బీఆర్ఎస్ వంతయింది. ఎవరిది న్యాయం అన్నది పక్కన పెట్టండి. మైకు కట్ చేస్తే కనీసం గొంతు పెంచి అరవొచ్చు, తెర ఇవ్వకపోతే ఏం చేస్తారు? అధికారంలో ఉన్నవాడికి ల్యాప్‌టాప్ ఉంది, ఆపరేటర్ ఉన్నాడు, పది రోజులు కూర్చుని స్లైడ్లు చేసిపెట్టే శాఖ ఉంది. ఎదుటివాడికి ఉన్నది నోరొక్కటే.

లోక్‌సభ నియమాలు రాసినవాళ్లకు ఈ సంగతి బాగానే తెలుసనిపిస్తుంది. జెండాలు, చిహ్నాలు, ప్రదర్శన వస్తువులు సభలో చూపించకూడదని 349వ నియమం. అధ్యక్ష స్థానం ముందే ఒప్పుకుంటే తప్ప రాసుకొచ్చిన ప్రసంగాన్ని చదవకూడదని 352వ నియమం. 2024 జులై 1న రాహుల్ గాంధీ శివుడి బొమ్మ చూపిస్తే స్పీకర్ ఓం బిర్లా వెంటనే నియమాలు గుర్తు చేశారు. చేతిలో పట్టే బొమ్మకే అంత పట్టింపు ఉంటే గోడంత బొమ్మకు ఎంత ఉండాలి?

స్లైడ్ నిజాన్ని ఎలా మింగేస్తుందో చూడాలంటే 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో పాటు మరో ఆరుగురు చనిపోయిన కొలంబియా అంతరిక్ష నౌక ప్రమాదం చూడండి. పైకి లేచేటప్పుడు ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్కకు కొట్టుకుంది. షటిల్ ఇంకా కక్ష్యలో తిరుగుతుండగానే ఇంజినీర్లు లెక్కలు వేసి నాసా పెద్దలకు స్లైడ్లు చూపించారు. వాటిలో ఒకదానికి పైన శీర్షిక ఏమో ధైర్యం చెప్పేలా ఉంది, దాని కింద చుక్కలు, చుక్కల కింద మళ్లీ గీతలు, అట్టడుగున అసలు సంగతి: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు, ఇక్కడ తగిలిన ముక్క అంచనా 1,920. అంటే 640 రెట్లు! ఆ పరీక్షలు ఈ దెబ్బకు పనికిరావు అని మొదటి వాక్యంలోనే రాయాల్సిన మాట అది. సాంకేతిక పత్రాలు రాయడం మాని స్లైడ్లతో సరిపెట్టుకునే అలవాటును దర్యాప్తు బోర్డు తన నివేదికలో ప్రత్యేకంగా తప్పుబట్టింది. అంతటి నాసా పెద్దలకే కంటికి ఆనని అంకె, అరనిమిషంలో మారిపోయే స్లైడ్‌లో మన జడ్పీటీసీకి కనిపిస్తుందా?

చిత్తూరు జిల్లా 2022లో విడిపోయినా జడ్పీ ఇంకా చిత్తూరులో ఉమ్మడిగానే నడుస్తోంది. కుప్పం వైపు నుంచి దాదాపు వంద కిలోమీటర్లు వచ్చిన సభ్యుడు తోతాపురి మామిడి ధర గురించి అడగాలనుకున్నాడనుకోండి. 2025లో కిలోకు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలు అన్నారు కదా. తెర మీద టన్నుల లెక్క చక్కగా పచ్చరంగులో ఉంటుంది. పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు ఎన్ని రాత్రులు నిలబడ్డాయో, వాటిలో ఎంత కాయ కుళ్లిందో చెప్పే గడి మాత్రం ఉండదు. మాటలతో జరిగే చర్చలో ఆ సభ్యుడు లేచి, ఆగండి సార్, గేటు దగ్గర సంగతి చెప్పండి అనగలడు, అధికారి తడబడతాడు, పక్క మండలం వాళ్లు అందుకుంటారు. స్లైడ్లు నడుస్తుంటే ‘పూర్తయ్యాక అడగండి’ అంటారు. పూర్తయ్యేసరికి భోజనాల టైం. ఇంకో తిరకాసు, మినిట్స్‌లో ‘అధికారులు వివరించారు’ అని ఒక్క ముక్క రాసేస్తారు. ఏం చూపించారో ఆరు నెలల తర్వాత నిలదీద్దామంటే చేతిలో కాగితం ఉండదు.

మ్యాపు లేకుండా రోడ్డు ఎక్కడ వెడల్పవుతుందో ఎలా చెప్తారు అంటారు. న్యాయమైన ప్రశ్నే. మ్యాపును అజెండాతో పాటే ఇంటికి పంపండి, డివిజన్ జనానికి చూపించి వస్తారు. ఇది చేయడానికి ప్రొజెక్టర్ అక్కర్లేదు.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. తిరుపతి 2016లో స్మార్ట్ సిటీ జాబితాలోకి ఎక్కింది. 2025 మార్చితో ముగిసిన ఆ పథకం నిబంధన ప్రకారం పనులు చూసింది కౌన్సిల్ కాదు, రాష్ట్రానికీ కార్పొరేషన్‌కూ చెరిసగం వాటా ఉండే ప్రత్యేక కంపెనీ. నిర్ణయం బోర్డులో, డిజైన్ కన్సల్టెంట్ చేతిలో. ఓట్లేయించుకున్న కార్పొరేటర్‌కు దక్కింది ఏసీ హాల్లో ఇంగ్లిష్ స్లైడ్లు. రాజ్యాంగ 74వ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది, రోడ్లు, తాగునీళ్లు, పట్టణ ప్రణాళిక సహా 18 అంశాలను పట్టణ సంస్థలకు ఇవ్వదగ్గవిగా పన్నెండో షెడ్యూల్‌లో చేర్చారు. ఇచ్చిందెంత? నిర్ణయం ఎక్కడో జరిగిపోయాక ఇక్కడ ప్రేక్షకులు కావాలి, అందుకే తెర. ఇంకో విచిత్రం, తెలుగును అధికార భాష చేస్తూ 1966లోనే చట్టం చేసుకున్న రాష్ట్రంలో కాలువ పూడికతీత గురించి కూడా స్లైడ్ మీద ఇంగ్లిషే కనిపిస్తుంది, ‘డీసిల్టింగ్’ అని.

పార్టీ ఏదైనా సరే, సభ్యులు చేయగలిగింది ఒకటుంది. లైట్లు ఆర్పకముందే లేచి, ఇది అజెండా కాగితాల్లో ఉందా అని అడగండి. లేని అంకె తెర మీద కనిపిస్తే ఆ అంశాన్ని వాయిదా వేయమని పట్టుబట్టండి. ఒక్కసారి వాయిదా పడనివ్వండి, తర్వాతి సమావేశానికి కాగితాలు వారం ముందే ఇంటికి వస్తాయి.