చెడ్డ చలి లేదట, చెడ్డ బట్టలేనట

నవంబరు రాగానే టొరంటోలో ప్రతి ఆఫీసులోనూ ఒక మహానుభావుడు కాఫీ కప్పుతో ప్రత్యక్షమై సెలవిస్తాడు: "చెడ్డ వాతావరణం అంటూ ఉండదు, చెడ్డ బట్టలే ఉంటాయి." ఇది నార్వే వాళ్ల సామెత. వాళ్ల భాషలో వాతావరణానికీ బట్టలకీ ప్రాస కుదిరింది, సామెత పుట్టింది. మనకి కుదరలేదు కాబట్టి దుప్పటి కప్పుకుని పడుకున్నాం. తప్పేముంది?

మా ఆఫీసు మహానుభావుడు సామెతతో ఆగలేదు. చలికాలాన్ని తిట్టుకోకూడదు, ఎంజాయ్ చెయ్యాలంటూ ఫిబ్రవరిలో ఒక శనివారం తెల్లారకుండానే నన్ను చేపలు పట్టడానికి సిమ్కో సరస్సుకి లాక్కెళ్లాడు. ఉత్తరంగా గంట ప్రయాణం. మైనస్ 22.

గడ్డకట్టిన సరస్సు మీద ఒక ఊరే వెలిసింది. గుడిసెలు, పొగ గొట్టాలు, మధ్యలో తిరిగే బళ్లు. ప్రతి గుడిసెకీ సర్కారు ఇచ్చిన నంబరు! మన హైదరాబాద్‌లో చెరువులో ఇల్లు కడితే హైడ్రా వాళ్లు బుల్డోజరుతో వస్తారు. ఇక్కడ రిజిస్ట్రేషన్ చేసి, హాయిగా చేపలు పట్టుకో నాయనా అంటారు.

మా మహానుభావుడు వడ్రంగి బరమాకి పెద్దన్నలాంటి దాంతో మంచులో జానెడు బొక్క వేశాడు. మనిషికి రెండు గేలాలు, అంతకు మించితే చట్టం ఒప్పుకోదు. బోర్లించిన బకెట్ల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. గ్యాస్ హీటరు నా ఎడమ మోకాలిని కాలుస్తోంది, కుడి మోకాలు ఉందో లేదో తెలియదు. గంటకోసారి ఆయన "ఎంత ప్రశాంతత!" అంటున్నాడు. నేను బొక్క వైపు చూస్తున్నాను. బొక్క నా వైపు చూస్తోంది.

నాలుగో గంటలో దారం కదిలింది. అరచేయంత పర్చ్ చేప! అది పైకి వచ్చేలోపే మనసులో చింతపండు నానబెట్టేశాను, మెంతులు వేయించేశాను. ఆయన టేపుతో కొలిచాడు, ఫోటో తీశాడు, "వెళ్లిరా నేస్తం" అని మళ్లీ బొక్కలో వదిలేశాడు. నాలుగు గంటలండీ! ఎవరికి చెప్పుకోను?

సాయంత్రం వాళ్లింట్లో కాళ్లు కాచుకుంటుంటే బటర్ చికెన్ ఆర్డర్ పెట్టాడు. బెల్లు మోగింది. గుమ్మంలో సైకిలూ, కనుబొమ్మల మీద మంచూ, మన తెలుగు కుర్రాడు. ఖమ్మం అట. కోఠిలో కొన్న జాకెట్టు. గ్లౌజుల మీద రెండు జతల సాక్సులు తొడుక్కున్నాడు.

మహానుభావుడు పొట్లం అందుకుని, నవ్వుతూ, "మంచి బట్టలు వేసుకోవాలి బాబూ" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఒళ్లు మండింది. గాలితో కలిపి మైనస్ 28 దాటితే బయటున్న చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టొచ్చని ఈ దేశపు వాతావరణ శాఖే చెబుతుంది. హీటరు పక్కన బకెట్టు మీద కూర్చున్నవాడు ప్రకృతి ప్రేమికుడా? అదే చలిలో నీ కూర వేడిగా తెచ్చినవాడికి బట్టలు తెలియవా? మంచి జాకెట్టు ఖరీదు వాడి గది అద్దెరా! కాలేజీ ఫీజు కట్టాక మిగిలినదాంతో వాడు ఏం తింటున్నాడో అడిగావా ఎప్పుడైనా?

ఇవేవీ నోరు దాటలేదు. నేను తిన్నదీ ఆ బటర్ చికెనే.

కుర్రాడు గుమ్మం పక్కనున్న గేలాలు చూశాడు.

"చేపలు పడ్డాయా అన్నా?"

"ఒకటి పడింది. వదిలేశాం."

రెండు క్షణాలు నన్నే చూశాడు. "పిచ్చా అన్నా మీకు?" అని సైకిలెక్కాడు.