కింజీ కంటే ముందే షికాగోలో ఒక ఇల్లుంది

"1804లో జాన్ కింజీ అనే తెల్ల వ్యాపారి వచ్చేదాకా షికాగో మనుషులే లేని చిత్తడి నేల. ఊరికి మూలపురుషుడు ఆయనే. ఆదివాసులు ఇష్టపడే భూములు అమ్ముకుని వెళ్లిపోయారు." ఈ మాట తెగ షేర్ అవుతోంది. చిత్తడి నేల అన్నదీ, 1804 అన్నదీ నిజమే. మిగతాదంతా తప్పు.

కింజీ వచ్చి కాపురం పెట్టిన ఇల్లు ఆయన కట్టింది కాదు. కట్టింది జాన్ బాప్టిస్ట్ పాయింట్ డు సాబుల్ అనే నల్లజాతి వ్యాపారి. భార్య కిటిహావా పొటవాటమీ అనే ఆదివాసీ తెగ ఆడపడుచు. 1790 నాటికే అటు వెళ్లే పడవలవాళ్లకు ఆయన పిండి, రొట్టె, పందిమాంసం ఇచ్చేవాడు. 1800లో ఆస్తి అమ్మినప్పటి క్రయపత్రం చదివితే ఆ సంసారం కళ్లకు కడుతుంది: 40 అడుగుల పొడవు, 22 అడుగుల వెడల్పు ఇల్లు, రెండు కొట్టాలు, గుర్రంతో తిప్పే పిండిమర, రొట్టెల బట్టీ, పాలశాల, 30 పశువులు, 38 పందులు, 44 కోళ్లు. ధర 6,000 లివ్ర్‌లు (అప్పటి ఫ్రెంచి ద్రవ్యం). ఆ పత్రం మీద సాక్షి సంతకం ఎవరిదనుకున్నారు? కింజీదే. ఇలినాయ్ రాష్ట్రం 1968లో డు సాబుల్‌నే ఊరి స్థాపకుడిగా గుర్తించింది.

మనుషులు లేరన్నది ఇంకా పెద్ద తప్పు. షికాగో నదికీ డెస్ ప్లేన్స్ నదికీ మధ్య ఆ చిత్తడి మీదుగా పడవ మోసుకుని కొంతదూరం నడిస్తే చాలు, మిషిగన్ సరస్సు నుంచి మిసిసిపీ నది దాకా నీటిదారే. ఆదివాసులు తరతరాలుగా తిరిగిన దారి అది. 1673లో ఫ్రెంచివాళ్లకు దాన్ని చూపించింది కూడా వాళ్లే. జనాన్ని అక్కడికి రప్పించింది ఆ చిత్తడి నేలే. ఊరి పేరు కూడా అక్కడ మొలిచే అడవి ఉల్లికి వాళ్లు పెట్టుకున్న పేరు నుంచే వచ్చింది.

ఇక ఇష్టపడి అమ్మారన్న మాట. నది ముఖద్వారం దగ్గర ఆరు మైళ్ల చదరం 1795లో అమెరికా ప్రభుత్వం చేతికి పోయింది, అదీ అంతకుముందు ఏడాది ఆదివాసులు యుద్ధంలో ఓడిపోయాక. 1830లో ఆదివాసులను మిసిసిపీ అవతలికి పంపే చట్టం వచ్చింది. 1833 ఆగస్టులో షికాగో పట్టణమైంది, సెప్టెంబరులోనే సుమారు 50 లక్షల ఎకరాలకు ఒప్పందం రాయించుకున్నారు. మెడ మీద చట్టం పెట్టి చేయించిన సంతకాన్ని ఇష్టం అనడం అన్యాయం. 1835లో వెళ్లిపోయే ముందు పొటవాటమీ యువకులు ముఖాలకు రంగులు పూసుకుని, ఆ ఊరి వీధుల్లో చివరిసారి యుద్ధ నృత్యం చేశారు.