శీఘ్ర దర్శనం టికెట్టు గారికి

మహారాజశ్రీ 200 రూపాయల శీఘ్ర దర్శనం టికెట్టు గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, ఒక్క మా నాయనమ్మ మోకాళ్ళు తప్ప. మీరూ క్షేమమని తలుస్తాను.

మొన్న శనివారం కొండ కింద కౌంటర్లో మిమ్మల్ని అయిదింటిని కొన్నాం. వెయ్యి రూపాయలు. ఎంతసేపు పడుతుంది బాబూ అని అడిగితే లోపలి కుర్రాడు తల ఎత్తకుండా "గంట" అన్నాడు. ఏ గంటో చెప్పలేదు. గుడి గంట అయ్యుంటుంది. 8:50కి లైన్లో దూరినవాళ్ళం 2:40కి బయటపడ్డాం. మీ పేరులోని శీఘ్రం దేని గురించో ఇంటికొచ్చాక అర్థమైంది, డబ్బు నా చేతిలోంచి మీ కౌంటర్లోకి వెళ్ళిన వేగం గురించి.

మాతోపాటే ఆర్టీసీ బస్సు దిగిన ఒక కుటుంబం ధర్మదర్శనం లైన్లోకి వెళ్ళింది. వాళ్ళ పిల్లాడూ మా పిల్లా కటకటాలకి అటొకరు ఇటొకరు నిలబడి మరమరాలు పంచుకున్నారు. ఎన్ని మలుపులు తిరిగినా ఆ పిల్లాడు పక్కనే ఉన్నాడు. ధ్వజస్తంభం దగ్గర రెండు లైన్లూ కలిసిపోయాయి. వాళ్ళు మాకంటే ముందు పడ్డారు కూడా. పిల్లాడి తండ్రి నా చేతిలో ఉన్న మిమ్మల్ని చూసి నవ్వలేదు. పెద్దమనిషి.

మధ్యలో నలభై నిమిషాలు లైను ఆపేశారు. ప్రోటోకాల్ అట. మడత నలగని తెల్లబట్టల్లో ఎనిమిదిమంది వెళ్ళారు. వాళ్ళ చేతిలోనూ కాగితమే ఉంది. దాని మీద రేటు లేదు, సంతకం ఉంది.

చెప్పుల స్టాండు దగ్గర "ఉచితం" అన్న బోర్డు కింద జతకి పది. కొబ్బరికాయ కొన్నవాళ్ళం మేము, చిప్పలు వేలంపాట పాడుకున్నవాడివి. అర్చనకి మీరు చాలరట, వేరే టికెట్టు తీసుకోవాలి. తీసుకుని మాది భారద్వాజస గోత్రమని రాయించాం, మైకులో కాశ్యపస అని చదివారు. మా పుణ్యం ఎవరి ఖాతాలో పడిందో! పోనివ్వండి, వాళ్ళకీ అవసరాలుంటాయి.

గుడి ఊరికే నడవదని నాకూ తెలుసు. దీపానికి నూనె, ఊడ్చేవాళ్ళకి జీతం, రోజూ అన్నదానం. ఆ రోజు సాంబారు బాగుంది. ఆ మాట చెప్పకపోతే కళ్ళు పోతాయి. తిరుమలలో శ్రీవాణి, అంటే శ్రీ వేంకటేశ్వర ఆలయ నిర్మాణం ట్రస్టుకి 10,000 విరాళమిస్తే బ్రేక్ దర్శనానికి టికెట్టు కొనుక్కోనిస్తారు, సరే, అది ఆలయ నిర్మాణానికని ట్రస్టు పేరులోనే ఉంది. పైగా ఆ స్వామికి పెళ్ళినాటి అప్పుంది, కుబేరుడికి వడ్డీ కట్టాలి. మేం వెళ్ళిన స్వామి ఎవరి దగ్గరా పైసా తెచ్చినట్టు స్థలపురాణంలో లేదే! మరి మీకెందుకండీ అంత ఆత్రం?

ఇదంతా పోనివ్వండి. వెయ్యి రూపాయలూ పోనివ్వండి. నేను రాస్తున్నది మా నాయనమ్మ గురించి.

ఆవిడకి 84. పింఛను డబ్బులో మిగిల్చి మూడేళ్ళుగా పసుపు గుడ్డలో ముడుపు కడుతోంది. కొండంత దేవుడికి కొండంత పత్రి తేగలమా అంటూ 1,116 చేసింది. మా తాతయ్యతో వెళ్ళినప్పుడు అక్కడ కటకటాల్లేవు. పూజారి గారు ఏ ఊరమ్మా అని అడిగి, హారతి వెలుగులో స్వామిని పాదాల నుంచి కిరీటం దాకా చూపించారట. ఆ కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. మొన్న శనివారం కూడా దర్శనమయ్యాకే తింటానని కాఫీ చుక్క ముట్టలేదు.

గడప దాకా వచ్చింది. చేతులు జోడించింది. కళ్ళు మూసుకుంది. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు, దణ్ణం పెడితే కళ్ళు మూతపడాల్సిందే. "జరగమ్మా, జరుగు, జరుగు" అంటూ ఎవరిదో చెయ్యి భుజం మీద పడింది. ఆవిడ కళ్ళు తెరిచేసరికి ఎదురుగా హుండీ ఉంది.

బయటికొచ్చాక, చూశావా నాయనమ్మా అని అడిగాను.

"హుండీని చూశానురా" అంది.

ఇదిగో టికెట్టూ, ఇక గారూ గీరూ లేదు. నీ వీపు మీద పదకొండు నిబంధనలున్నాయి. సంప్రదాయ దుస్తులు, ఆధార్, సెల్‌ఫోన్ నిషిద్ధం, సొమ్ము వాపసు ఇవ్వబడదు. అన్నీ చదివాను, అయిదు గంటలు వేరే పనేముంది? "కళ్ళు మూసుకోరాదు" అని పన్నెండోది వేయడానికి చోటు లేకపోయిందా? దర్శనమంటే చూడటమే కదా. ఆ ఒక్కటి తప్ప అన్నీ అమ్మావు. లోపల మా తలల మీద శఠగోపం పెట్టే తీరిక ఎవరికీ లేదు. అది నువ్వు కౌంటర్లోనే పెట్టేశావు.

మళ్ళీ పంపమని బతిమాలితే ఇంకో టికెట్టు తీసుకోండి అన్నారు. జేబులో చెయ్యి పెట్టాను కూడా, సిగ్గులేకుండా. నాయనమ్మే ఆపింది. "వద్దురా, మళ్ళీ మూసుకుంటాను."

హైదరాబాదు పక్కన చిలుకూరు బాలాజీ గుళ్ళో నీ జాతే లేదు. హుండీ కూడా లేదు. 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, కోరిక తీరాక 108 చేస్తారు. స్వామి ముందు కళ్ళు మూసుకోకండి, చూడండి అని అక్కడ చెబుతారని మా పిన్ని అంది. ఊరికే చెబుతారట, డబ్బు తీసుకోకుండా!

ఇంటికొచ్చాక నిన్ను చింపి పారేద్దామనుకున్నాను. నీ తల మీద రంగుల్లో స్వామి బొమ్మ ఉంది, కాళ్ళ కింద పడుతుందని నాయనమ్మ లాక్కుంది. ఇప్పుడు నువ్వు మా దేవుడి అలమారలో, అన్నవరం సత్యనారాయణ స్వామి పటం పక్కన, కుంకుమ బొట్టుతో ఉన్నావు. దీపం సెగకి నీ అంకెలు నల్లబడిపోయి రేటూ టైమూ కనబడటం లేదు. ఆవిడ పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని నీ ముందు నిలబడుతోంది. నిన్న పావుగంట నిలబడింది. కాఫీ చల్లారిపోతోందని చెప్పడానికి మా ఆవిడ రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, చూసి, ఏమీ అనకుండా వెనక్కి వెళ్ళింది.

ఇట్లు,
తాత్కాలిక కాశ్యపస గోత్రుడు