ఫిర్యాదు చేసిన రాత్రి గురించి కూడా రాయండి

ఇంట్లో హింసకు గురైన ఆడవాళ్లు ధైర్యంగా ఫిర్యాదు చేయాలని మీ వ్యాసంలో రాశారు. నిజమే. కానీ ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? ఇక్కడ బెంగళూరులో, మా పక్క ఫ్లాట్‌లో ఉండే కడప అమ్మాయి రెండేళ్లు నోరు విప్పకపోవడానికి ఇదే కారణం. కన్నడం రాదు, ఇల్లు మామగారి పేరు మీద ఉంది, పుట్టింటికి ఫోన్ చేస్తే "సర్దుకుపోమ్మా" అన్నారు. 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు తనకుందని, అది మామగారిదైనా సరేనని 2020లో సుప్రీంకోర్టు చెప్పిందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు సంగతీ అంతే. ఆమె మా ఇంటికి వచ్చినప్పుడు మా అమ్మ ఏమీ అడగకుండా అన్నం పెట్టి, పక్క వేసింది. మూడో రోజు ఆ అమ్మాయే మాట్లాడింది. ఆరు నెలలైంది. ఇప్పటికీ తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడుతుంది. కౌన్సెలింగ్‌కి వారం వారం నేనే తోడు వెళ్తున్నాను.