సీపీయూ గారి పదవీ విరమణ

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగి 62 ఏళ్లకు రిటైరవుతాడు, తెలంగాణలో 61కి. ఇంట్లో కంప్యూటర్ ఎన్నేళ్లకు రిటైరవ్వాలో చెబుతూ మాత్రం మన రెండు ప్రభుత్వాలూ ఇన్నాళ్లూ ఒక్క జీవో ఇచ్చిన పాపాన పోలేదు. ఆ లోటు తీర్చే బాధ్యత మైక్రోసాఫ్ట్ నెత్తికెత్తుకుంది. విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. పోనీ విండోస్ 11కి మారదామంటే, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరానిదో ఆ పైదో కావాలి. అంటే, 2017 ద్వితీయార్ధానికి ముందు బజారులోకి వచ్చినవన్నీ, కాలూ చేయీ నిక్షేపంగా ఆడుతున్నా సరే, ఇంటిదారి పట్టాల్సిందే.

దీన్ని తిట్టేవాళ్లకు కొదవ లేదు. సమర్థించేవాడు ఒక్కడైనా ఉండాలి కదా అని ఈ నాలుగు ముక్కలు.

ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారి ఇల్లు ఊహించుకోండి, సికింద్రాబాద్‌లో. హాల్లో ఓ మూల, పాత దుప్పటితో కుట్టిన తొడుగు కింద డెస్క్‌టాప్. ఏడో తరం ఐ5 ప్రాసెసర్, 2017 వేసవిలో కొన్నది. సీపీయూ నుదుటన కిందటి దసరా కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో కాలం చేసింది గానీ, దాని మీద కళ్లజోడు పెట్టుకోవడానికి బాగుంటుందని తీయలేదు. ట్యూషన్ పిల్లల ప్రశ్నపత్రాలు, మనవరాలి ఎప్‌సెట్ హాల్‌టికెట్, కరెంటు బిల్లు, సాయంత్రం ప్రవచనం అన్నీ అందులోనే. డి డ్రైవ్‌లో 'న్యూ ఫోల్డర్', దాని లోపల 'న్యూ ఫోల్డర్ 2', దాని లోపల 'ముఖ్యమైనవి', దాని పక్కనే 'ముఖ్యమైనవి అసలు'. వెతికితే అన్నీ దొరుకుతాయి.

బాగానే పనిచేస్తోందిగా, దీన్నెందుకు పంపించడం అని మీరడగవచ్చు. పనిచేయడం ఎప్పటినుంచి అర్హత అయ్యింది? సర్వీసులో ఉన్నవాళ్లనెవరినైనా అడిగి చూడండి.

అసలు అర్హతలు వేరు. టీపీఎం 2.0 ఉండాలి. తాళంచెవులు దాచుకునే చిప్పు అది. సెక్యూర్ బూట్ ఉండాలి. యంత్రం లేచేటప్పుడు దొంగ ప్రోగ్రాములు దూరకుండా కాపలా కాసేది అది. నాలుగు జీబీ ర్యామ్, 64 జీబీ జాగా. మాస్టారి యంత్రంలో ఇవన్నీ ఉన్నాయి. టీపీఎం బయోస్‌లో, అంటే యంత్రం అడుగు సెట్టింగుల్లో, నిద్రపోతుంటే పైపోర్షన్‌లో ఉండే బీటెక్ కుర్రాడు వచ్చి లేపాడు కూడా. ఆ తర్వాత, అర్హత తేల్చే మైక్రోసాఫ్ట్ వారి ప్రోగ్రాము పీసీ హెల్త్ చెక్ నడిపితే వరసాగ్గా పచ్చ టిక్కులు, ఒక్క ప్రాసెసర్ దగ్గర మాత్రం అడ్డంగా తల ఊపింది. గుణం బాగుంది, నడత బాగుంది, డేట్ ఆఫ్ బర్త్ కుదర్లేదు.

ఆ మాత్రం కారణమైనా చెప్పింది, సంతోషించాలి. 2021 జూన్‌లో ఈ హెల్త్ చెక్ మొదటిసారి వచ్చినప్పుడు, 'ఈ పీసీలో విండోస్ 11 నడవదు' అనేసి ఊరుకునేది. ఎందుకు నడవదో చెప్పేది కాదు. జనం గోల పెట్టేసరికి వెనక్కి తీసుకుని, కారణం చెప్పడం నేర్పి సెప్టెంబర్‌లో మళ్లీ తెచ్చారు. కారణం చెప్పకుండా దరఖాస్తు తిప్పికొట్టే కళ మన ఆఫీసుల్లో తరతరాలుగా వర్ధిల్లుతోంది. అక్కడ మూడు నెలలైనా నిలబడలేకపోయింది. పాశ్చాత్యులకు ఓపిక తక్కువ.

కొన్ని విషయాల్లో మాత్రం మనకేమీ తీసిపోలేదు. ఏడో తరం వాళ్లంతా అనర్హులని ప్రకటించాక, అదే ఏడాది ఆగస్టులో సవరణ ఉత్తర్వు వచ్చింది: ఏడో తరంలోనే ఐ7-7820హెచ్‌క్యూ అనే ప్రాసెసర్‌కు, కొన్ని యంత్రాల్లో ఉంటే, మినహాయింపు. ఏమిటి దాని ప్రత్యేకత అని ఆరా తీస్తే, మైక్రోసాఫ్ట్ సొంతంగా తయారుచేసి అప్పట్లో అమ్ముతున్న సర్ఫేస్ స్టూడియో 2 కంప్యూటర్‌లో ఉన్నది అదే. బంధుప్రీతి అనకండి. మంచి ఇంట్లో పుట్టింది, అంతే.

'ఇదే ఆఖరి విండోస్' అని 2015లో షికాగో సభలో కంపెనీ ఉద్యోగే విండోస్ 10 గురించి అన్నాడే అని కొందరు పాత పేపరు కటింగులు తీస్తుంటారు. సభల్లో అన్న మాటలు పట్టుకుని వేలాడేవాళ్లు ఈ దేశంలో ఓటరుగా కూడా పనికిరారు.

ఇక భద్రత. ఇది నవ్వులాట కాదు. అప్‌డేట్లు ఆగిన యంత్రంలో కొత్తగా బయటపడే కన్నాలను ఎవరూ పూడ్చరు, దాని మీద బ్యాంకు పని చేయడం మంచిది కాదు. ఒప్పుకున్నాం. అందుకే కంపెనీ దయతలచి ఒక ఎక్స్‌టెన్షన్ ఇచ్చింది, 2026 అక్టోబర్ 13 దాకా. 30 డాలర్లు కట్టొచ్చు. లేదా బింగ్‌లో వెతుకుతూ వెతుకుతూ పోగేసిన రివార్డు పాయింట్లు వెయ్యి సమర్పించొచ్చు. లేదా మీ సెట్టింగులన్నీ వాళ్ల క్లౌడులో దాచుకుంటానని ఒప్పుకుంటే ఉచితం. ఐరోపా దేశాల వాళ్లకు మాత్రం, అక్కడి వినియోగదారుల సంఘం నిలదీశాక, ఆ దాచుకునే షరతు కూడా ఎత్తేశారు. మన దగ్గర ఎవరూ నిలదీయలేదు. మర్యాదస్తులం. ఏ దారిన వెళ్లినా మైక్రోసాఫ్ట్ అకౌంటు తప్పనిసరి. మాస్టారికి అకౌంటు ఉంది, పాస్‌వర్డు గుర్తులేదు. ఓటీపీ డాలస్‌లో ఉన్న కొడుకు ఫోనుకు వెళ్తుంది. ఇక్కడ పూజ ముగించుకుని పదింటికి కూర్చుంటే అక్కడ అర్ధరాత్రి.

"ఎందుకు నాన్నా ఈ అవస్థ, డబ్బులు పంపిస్తా, కొత్తది కొనుక్కో," అంటాడు కొడుకు నిద్రమత్తులో.

"దీనికేమైందిరా?" అంటారు మాస్టారు. ఆ ప్రశ్నకు మైక్రోసాఫ్టే సరిగ్గా జవాబు చెప్పలేకపోతే పాపం వాడేం చెబుతాడు?

ఈ క్రమశిక్షణను బాహాటంగా ధిక్కరిస్తున్న వర్గం మన మధ్యే ఒకటుంది. శుభలేఖలు వేసే డీటీపీ సెంటర్లు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్, వాటి కింద విండోస్ ఎక్స్‌పీ, దానికి నెట్ కనెక్షన్ పీకేసిన పాత డబ్బా. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. రిటైరైనవాడి చేత ఇన్నేళ్లుగా పెళ్లిళ్ల పని చేయించుకుంటున్న సెంటర్లు ఇంకా ఉన్నాయి. ఆ జంటల సంసారాలు భద్రంగా ఉన్నాయా అని ఎవరైనా విచారణ కమిషన్ వేయాలి.

చివరికి మాస్టారు సీపీయూను ఆటోలో ఒళ్లో పెట్టుకుని, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలకు నెలవైన సీటీసీకి వెళ్లారనుకుందాం. పార్క్‌లేన్‌లో రెండో అంతస్తు, మనిషి పట్టేంత దుకాణం, మెడలో స్క్రూడ్రైవర్ వేలాడేసుకున్న కుర్రాడు. సైడు ప్యానెల్ విప్పి, ఫ్యాను మీద పేరుకున్న దుమ్మును ఒక్క ఊదు ఊది, లోపలికి చూశాడు.

"మంచిగనే ఉంది సార్. హార్డ్ డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ ఏద్దాం, ఉరుకుతది. రూఫస్ అని ఓ సాఫ్ట్‌వేర్ ఉంది, దాంతోటి పెన్‌డ్రైవ్ చేసి ఓ టిక్కు పెడితే లెవెన్ ఎక్కేస్తది."

"అర్హత లేదన్నారయ్యా?"

"అది ఆళ్ల లిస్టు సార్. ఆ చెకింగ్ లేకుండ చేసేదే ఈ టిక్కు."

మాస్టారు జీవితమంతా స్టెప్పులు రాయనిదే మార్కులు వేయని మనిషి. "తప్పు కదూ?"

"కంపెనీవాళ్లే విండోస్ లోపలి సెట్టింగు మార్చే ఓ రిజిస్ట్రీ దారి సైట్ల పెట్టిండ్రు సార్. తర్వాత తీసేసిండ్రు. వద్దంటే చెప్పండి, విండోస్ బదులు మింట్ ఏస్తా. లినక్సు. ఫ్రీ. మీ ప్రవచనాలు, హాల్‌టికెట్లు అన్నీ నడుస్తయి. ఆ ప్రశ్నపత్రాల తెలుగు ఫాంట్లకే జర తకరారు."

ప్రశ్నపత్రాల మాట వినగానే మాస్టారు టిక్కు వైపే మొగ్గారు. డి డ్రైవ్‌లో ఉన్నదంతా ముందు కాపీ చేసి పెట్టమని రెండుసార్లు చెప్పి, న్యూ ఫోల్డర్ల లోపలి న్యూ ఫోల్డర్లను కూడా మర్చిపోవద్దని మూడోసారి చెప్పారు.

"అయితే ఒకటి సార్," అన్నాడు కుర్రాడు కేబుల్ పీకుతూ. "లిస్టుల లేని మిషిన్ కదా, ప్రతి ఏడు వచ్చే పెద్ద అప్‌డేటు దానంతట అది రాదు. ఏడాదికోసారి తీసుకొస్తే నేనే ఎక్కిస్తా."

మాస్టారికి మొదటిసారి వ్యవహారం పూర్తిగా బోధపడింది. జేబులోంచి డైరీ తీసి, ట్రెజరీ ఆఫీసుకు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన తేదీ ఎక్కడుందో చూసి, దాని కిందే రాసుకున్నారు: సీపీయూ, సీటీసీ.